మొక్కు తీరే నాటికి మాట రాకపోతే

తిరుమలలో పుట్టువెంట్రుకల మొక్కు చెల్లించే కుటుంబాలు బిడ్డకు ఏడాది నిండకముందో, లేకుంటే మూడో ఏటనో కల్యాణకట్టకు వస్తాయి. సరి సంవత్సరంలో తలనీలాలు ఇవ్వకూడదన్న పట్టింపు దక్షిణాదిన ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఆరో నెలలో అన్నప్రాశన, ఆ తరువాత చెవులు కుట్టించడం, పుట్టువెంట్రుకలు, అక్షరాభ్యాసం అంటూ సాగే ఈ సంస్కారాల వరుసను తెలుగు ఇళ్లు తరతరాలుగా ఏమరకుండా పాటిస్తున్నాయి. బిడ్డ వినికిడిని, మాటను పరీక్షించి చూడవలసిన ఘట్టాలు కూడా దాదాపు ఇదే కాలంలో, అంటే పుట్టిన మొదటి నెలలో, ఏడాదికి, ఏడాదిన్నరకు, రెండేళ్లకు, మూడేళ్లకు వస్తాయి. అయితే ఈ రెండో వరుస ఏ పంచాంగంలోనూ ఉండదు కాబట్టి, మూడో ఏట మొక్కు తీరినా బిడ్డ నోట మాట పెగలనప్పుడు గాని చాలా కుటుంబాలకు సందేహం రాదు. వచ్చినా, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయన్న పెద్దల భరోసాతో ఇంకో ఏడాది గడిచిపోతుంది. ఎదురుచూడడం ప్రతిసారీ తప్పని చెప్పడానికి లేదు, ఎందుకంటే ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది నిజంగానే అందరితో సమానమవుతారు. తేల్చుకోవలసిందల్లా ఏ పరీక్షలు పూర్తయ్యాక ఎదురుచూడవచ్చు, ఏ పరీక్ష విషయంలో ఒక్క నెల కూడా ఆగకూడదు అన్నదే.

మాట వేరు, భాష వేరు అన్న తేడాను ముందుగా గుర్తించాలి. నోటితో ధ్వనులను పలకడం మాట అయితే, ఎదుటివారు చెప్పినదాన్ని గ్రహించడం, మనసులోనిదాన్ని మాటతోనో సైగతోనో చూపుతోనో తెలియజేయడం భాష. భాషలో గ్రహించడం ముందు, వ్యక్తం చేయడం తరువాత వస్తాయి. రెండు మూడు నెలల బిడ్డ ఉంగాలు కొడుతుంది. ఆరేడు నెలలు దాటాక బాబాబా, తాతాతా అంటూ అక్షరాలను గొలుసుగా పలుకుతుంది. ఏడాది నిండే వేళకు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది, టాటా చెబుతుంది, కావలసిన వస్తువు వైపు చేయి చాపుతుంది, ఒకటి రెండు మాటలు అర్థవంతంగా అంటుంది. బువ్వ, లాల, జోజో, బౌబౌ వంటివి ముద్దుమాటలే అయినా, ప్రతిసారీ ఒకే అర్థంలో వాడుతుంటే అవీ మాటల లెక్కలోకే వస్తాయని వాక్చికిత్సకులు, అంటే స్పీచ్ థెరపిస్టులు, పరిగణిస్తారు. రెండేళ్లకు చాలామంది పిల్లల దగ్గర యాభైకి పైగా మాటలు ఉంటాయి, ‘అమ్మ రా’, ‘పాలు కావాల’ వంటి రెండు మాటల కూర్పులు మొదలవుతాయి.

ఈ కొలతల్లో చాలావరకు ఇంగ్లిషు పిల్లల మీద తయారైనవి కాబట్టి తెలుగుకు వాటిని యథాతథంగా వర్తింపజేసేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ‘వస్తా’, ‘పోదాం’, ‘ఇయ్యను’ అన్న ఒక్కో క్రియలోనే కర్త, కాలం, కాదనడం ఇమిడిపోతాయి కాబట్టి, అటువంటి రూపాలను సందర్భానికి తగినట్టు మార్చి వాడే బిడ్డ రెండు మాటలు కలపకపోయినా భాషలో వెనకబడిందని తొందరపడి తేల్చకూడదు. తిరువనంతపురంలోని శిశువికాస కేంద్రం భారతీయ పిల్లల కోసం పుట్టుక నుంచి మూడేళ్ల వరకు వర్తించే భాషా పరిశీలన పట్టికను రూపొందించింది. టీకాలకు వాడే తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో కూడా ఏ నెలకు ఏ ఎదుగుదల కనిపించాలో బొమ్మలతో అచ్చువేసి ఉంటుంది. ఆ కార్డు దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నా, టీకా తేదీల పేజీ తప్ప మిగిలిన పేజీలను తెరిచి చూసే ఇళ్లు తక్కువ కావడం విచారకరం.

రెండేళ్లు నిండినా యాభై మాటలు లేని, లేదా రెండు మాటలు కలపని పిల్లలను, మిగిలిన ఎదుగుదల అంతా సవ్యంగా ఉంటే, ఆలస్యంగా మాట్లాడే పిల్లలు అని వర్గీకరించే పద్ధతి అమెరికన్ మనస్తత్వవేత్త లెస్లీ రెస్కోర్లా 1989లో ప్రకటించిన భాషా సర్వే పట్టికతో బాగా స్థిరపడింది. రెండేళ్ల పిల్లల్లో నూటికి పది నుంచి పదిహేను మంది ఈ కోవలోకి వస్తారనీ, వారిలో సగానికి పైగా బడి ఈడుకు మిగతావారిని అందుకుంటారనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. పెద్దవాళ్లు చెప్పే భరోసాకు ఆధారం ఇదే, అందులో అబద్ధమేమీ లేదు. కాని కుటుంబాల జ్ఞాపకానికి ఒక పక్షపాతం ఉంటుంది. ఆలస్యంగా మాట్లాడి తరువాత చక్కగా స్థిరపడిన మేనమామ కథను ప్రతి పెళ్లిలో, ప్రతి పండుగలో చెప్పుకుంటారు గాని, మాట సరిగా రాక నాలుగో తరగతిలో బడి మానేసిన చిన్నాన్న సంగతిని ఎవరూ ఎత్తరు. పైగా అందుకునేవారిలో తమ బిడ్డ ఉందో, అందుకోలేని మిగతావారిలో ఉందో రెండేళ్ల వయసులో ఇంటివారెవరికీ కచ్చితంగా తెలిసే మార్గం లేదు. మగపిల్లలకు మాటలు ఆలస్యమన్నది కూడా సగటు లెక్కలో కొద్ది వారాల తేడా మాత్రమే. ఆ నెపంతో ఏడాదిపాటు ఆగడం సరికాదు.

అయితే ఏ బిడ్డ విషయంలో కొంత ధైర్యంగా ఉండవచ్చో సూచించే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. చెప్పినది బాగా అర్థం చేసుకునే బిడ్డ, చెప్పు తెమ్మంటే సైగ చేయకపోయినా తెచ్చే బిడ్డ, గుడి గోపురాన్నో, దారిన పోతున్న ఎద్దునో వేలితో చూపించి తిరిగి తల్లి ముఖంలోకి చూసే బిడ్డ, మాటలు లేకపోయినా రకరకాల ధ్వనులతో ఊసులాడే బిడ్డ అందుకునే అవకాశం ఎక్కువ. మాటల సంఖ్య కంటే అవగాహన, వేలితో చూపడం, చూపు పంచుకోవడం బలమైన సూచనలు కాబట్టి, బిడ్డ ఎన్ని మాటలు అంటున్నదో లెక్కపెట్టే ముందు ఎన్ని మాటలు గ్రహిస్తున్నదో గమనించాలి. ఏడాదికి ఊసులాట, సైగలు లేకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటైనా లేకపోవడం, రెండేళ్లకు తనంతట తాను రెండు మాటలు కలపకపోవడం, ఇంకా ఏ వయసులోనైనా వచ్చిన మాట పోవడం వెంటనే పరీక్ష చేయించవలసిన లక్షణాలని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెబుతున్నది. వీటిలో చివరిది మిగతావాటికంటే తీవ్రమైనది. నిన్నటిదాకా అన్న మాటలను బిడ్డ మానేస్తే, పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, ఆటలో ఎవరినీ చేర్చుకోకుండా ఒకే వస్తువును తిప్పుతూ ఉండిపోతే, ఆటిజం అనే ఎదుగుదల భేదం ఉందేమో చూడాలి. ఇందుకు పదహారు నెలల నుంచి ముప్పై నెలల వరకు తల్లిదండ్రులను అడిగే ఇరవై ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఆ పట్టిక అనుమానాన్ని మాత్రమే తెలియజేస్తుంది, నిర్ధారణ చేయదు. కాబట్టి అందులో వచ్చిన అంకెను చూసి భయపడిపోవడం గాని, నిశ్చింతగా ఉండిపోవడం గాని తగదు.

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకు, మరే ఆలోచనకూ ముందు, జరగవలసింది వినికిడి పరీక్ష. ఇందులో ఎదురుచూపుకు చోటు లేదు. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురు పిల్లలకు చెప్పుకోదగిన వినికిడి లోపం ఉంటుందని ప్రపంచవ్యాప్త అంచనా. ఒకే మూల పురుషుడి నుంచి వచ్చిన తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న లోపం బిడ్డలో బయటపడే రకపు జన్యు చెవుడు దగ్గర సంబంధాల వివాహాల్లో ఎక్కువ కాబట్టి, మేనరికాలు దేశ సగటుకు మించి జరిగే దక్షిణాది రాష్ట్రాల్లో, అందులోనూ అక్క కూతుర్ని చేసుకునే ఆచారం నిలిచిన రాయలసీమలో, ఈ జాగ్రత్త మరింత అవసరమవుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, పసికందుగా ఐసీయూలో ఉండడం, పుట్టుకామెర్లు తీవ్రంగా రావడం, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా సోకడం, మెదడు పొరల వాపు రావడం వంటి కారణాలు దీనికి తోడవుతాయి.

బిడ్డకు వినిపిస్తున్నదో లేదో ఇంట్లో తేల్చుకోవడానికి పళ్లెం మీద గరిటెతో కొట్టి చూడడం, వెనక నుంచి చప్పట్లు కొట్టడం అందరికీ అలవాటు. ఈ పరీక్ష నమ్మదగినది కాదని గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది. పళ్లెం మోతలో గాలి కదలిక, నేల అదురు, పక్క మనిషి నీడ, ముఖకవళికలు కలిసి ఉంటాయి. చెవిటి బిడ్డ సైతం వాటికి తల తిప్పుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, వినికిడి లోపం చాలాసార్లు అన్ని ధ్వనుల విషయంలో సమానంగా ఉండదు. మొరటు, బొంగురు ధ్వనులు వినిపించి, సన్నని పై స్థాయి ధ్వనులు మాత్రమే వినిపించని బిడ్డ ఆర్టీసీ బస్సు హారన్‌కు ఉలిక్కిపడుతుంది, కుక్క మొరిగితే చూస్తుంది, తలుపు కొట్టుకుంటే ఏడుస్తుంది, కాని స, శ, చ వంటి అక్షరాలు మాత్రం దాని చెవికి చేరవు. ఆ బిడ్డకు మాటలన్నీ సగం తుడిచేసినట్టు వినిపిస్తాయి. పడిశం తరచుగా వచ్చే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు నిలిచి, కొన్ని వారాలు బాగా వినిపించి, కొన్ని వారాలు మందగించే పరిస్థితి కూడా ఉంది. ఇంట్లో ఎవరూ దీన్ని కనిపెట్టలేరు.

యంత్రాలతో చేసే పరీక్షలు రెండు. మొదటిది ఓఏఈ; చెవిలోకి సన్నని ధ్వనిని పంపి లోపలి కర్ణం తిరిగి ఇచ్చే ప్రతిధ్వనిని కొలుస్తారు, కొన్ని నిమిషాల్లో పూర్తవుతుంది. రెండోది బెరా, నిద్రపోతున్న బిడ్డ తలకు తీగలు అంటించి, ధ్వని చెవి నుంచి మెదడు కాండం వరకు ప్రయాణించే తీరును నమోదు చేస్తారు. ఐసీయూలో ఉన్న పిల్లలకు, తీవ్రమైన కామెర్లు వచ్చిన పిల్లలకు లోపలి చెవి బాగున్నా నాడిలో లోపం ఉండవచ్చు కాబట్టి, ఓఏఈలో గట్టెక్కినా బెరా చేయించాలి. నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో సాయం అన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన వరుస. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లో ప్రకటించిన అధ్యయనంలో, ఆరు నెలలలోపు లోపాన్ని గుర్తించిన పిల్లల భాష, తరువాత గుర్తించినవారి భాష కంటే స్పష్టంగా మెరుగ్గా ఉందని తేలింది. లోపం తీవ్రత ఎంతైనా ఈ తేడా కనిపించింది.

తిరుపతి ప్రాంతానికి ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1974లో శ్రీవేంకటేశ్వర బధిర పాఠశాలను నెలకొల్పింది. ఆ తరువాతి కాలంలో వినికిడి లోపమున్న చిన్నపిల్లల కోసం ‘శ్రవణం’ అనే ప్రాజెక్టును తిరుపతిలోనే ప్రారంభించింది. బడి ఈడు వచ్చేదాకా ఆగకుండా పసివయసులోనే పిల్లలను తీసుకోవడం, వినికిడి యంత్రం ద్వారా వచ్చే ధ్వనిని మాటగా గుర్తించడం నేర్పడం, ఆ నేర్పే పనిలో తల్లిని కూడా శిక్షణ పొందేదానిగా పక్కన కూర్చోబెట్టడం ఈ ప్రాజెక్టు పద్ధతి. దేవస్థానం సొమ్ముతో నడిచే సేవల్లో అన్నప్రసాదానికి, వసతికి వచ్చిన పేరు దీనికి రాలేదు. కొండకు ఏటా కోట్లమంది వస్తున్నా, దిగువనే ఇటువంటి చోటు ఉందని తెలిసినవారు కొద్దిమందే కావడం మారవలసిన స్థితి.

లోపం తీవ్రంగా ఉండి యంత్రంతో ప్రయోజనం లేని పిల్లలకు లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌ను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చారు. లక్షల ఖర్చయ్యే శస్త్రచికిత్స పేదల పిల్లలకూ అందుబాటులోకి రావడం పెద్ద మార్పు. అయితే శస్త్రచికిత్స ఫలితం వయసుతో ముడిపడి ఉంది. అను శర్మ బృందం 2002లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పుట్టుచెవుడు ఉన్న పిల్లల మెదడులోని శ్రవణ భాగం మూడున్నరేళ్లలోపు ధ్వని అందితే మామూలుగా ఎదుగుతుంది, ఏడేళ్లు దాటాక అందితే చాలామందిలో ఎదగదు. మూడో ఏట మొక్కు, నాలుగో ఏట పరీక్ష, అయిదో ఏట దరఖాస్తు అన్న వరుసలో ఎంత నష్టం జరుగుతుందో ఈ అంకెలే చెబుతాయి.

వినికిడి బాగుందని తేలాక, ఇంట్లో భాషలు ఎక్కువ కావడం వల్లనే మాట రాలేదన్న నింద వినిపిస్తుంది. చిత్తూరు సీమకు ఈ నింద బాగా తగులుతుంది. కుప్పం మూడు రాష్ట్రాల సరిహద్దు; నగరి, చిత్తూరు వైపు తమిళం, పలమనేరు, కుప్పం వైపు కన్నడం తెలుగుతో కలిసిపోయి ఉంటాయి; తాతతో ఒక భాష, అంగడిలో మరో భాష ఇక్కడి పిల్లలకు సహజం. రెండు మూడు భాషల మధ్య పెరగడం మాట ఆలస్యానికి కారణం కాదని పరిశోధనలు స్థిరంగా చెబుతున్నాయి. అటువంటి బిడ్డ మాటలను లెక్కించేటప్పుడు మాత్రం అన్ని భాషల మాటలనూ కలిపి చూడాలి. పాలు, నీళ్లు తెలుగులోనూ, పూనై, కాకా తమిళంలోనూ అనే బిడ్డకు ఒక్క తెలుగు మాటలనే లెక్కిస్తే అన్యాయం జరుగుతుంది. మాట రాలేదు కాబట్టి తెలుగు ఆపి ఇంగ్లిషే మాట్లాడమని నర్సరీ బడులు ఇచ్చే సలహా ఇంతకంటే హానికరం. తమకే పట్టులేని భాషలో తల్లిదండ్రులు రెండు మూడు ముక్కలతో సరిపెట్టుకుంటారు. జోలపాటలు, గదమాయింపులు, బుజ్జగింపులు, వంటింటి కబుర్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, బిడ్డ చుట్టూ ఉన్న మాటల ధార ఎండిపోతుంది.

ఇంటి వైద్యాల సంగతి కూడా చెప్పుకోవాలి. మాట త్వరగా రావాలని వసకొమ్మును తేనెతో రంగరించి పసిబిడ్డ నాలుకకు రాయడం తెలుగు నేల అంతటా ఉంది. వసలోని బీటా అసరోన్ అనే రసాయనం విషతుల్యమని గమనించి అమెరికాలో 1968లోనే ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించారు. ఏడాదిలోపు పిల్లలకు తేనె కూడా పెట్టకూడదు. నాలుక కింది పొర కోయిస్తే మాట వస్తుందన్న నమ్మకమూ అలాంటిదే. ఆ పొర కొందరిలో కొన్ని అక్షరాల ఉచ్చారణకు అడ్డు కావచ్చు గాని, మాట మొదలవడాన్ని అది ఆపదు. చిత్తూరుకు చేరువలోని కాణిపాకం స్థలపురాణంలో మూగ, చెవిటి, గుడ్డి అయిన ముగ్గురు అన్నదమ్ములు బావి తవ్వుతుండగా వరసిద్ధి వినాయకుడు వెలసి వారి లోపాలు తొలగాయని చెబుతారు. ఆ విశ్వాసంతో బిడ్డను ఎత్తుకుని వచ్చే తల్లి నమ్మకాన్ని కించపరచే హక్కు ఎవరికీ లేదు. మొక్కుకూ, బెరా పరీక్షకూ మధ్య విరోధం లేదు కాబట్టి, రెండూ ఒకే నెలలో జరగడానికి అడ్డేమీ లేదు.

ఫోన్ విషయంలో మాత్రం తల్లిదండ్రుల అనుమానం సరైనదే. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రకటించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా మాండరిన్ భాషను పన్నెండు విడతలుగా మనిషి ఎదుట కూర్చుని వినిపించినప్పుడు ఆ భాష ధ్వనులను వారు పట్టుకోగలిగారు, అవే మాటలను తెర మీద చూపినప్పుడు ఏమీ నేర్చుకోలేదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని భారతీయ శిశువైద్యుల సంఘం చెబుతున్నది. అలాగని ఫోన్ ఆపేసి చూద్దామంటూ ఆరు నెలలు పరీక్షను వాయిదా వేయడం ఎదురుచూపుకు మరో రూపం అవుతుంది.

సాయం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు జవాబు చాలామంది అనుకునేదానికంటే దగ్గరలో ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి; అవి చూడవలసిన లోపాల పట్టికలో వినికిడి, భాష ఆలస్యం, ఆటిజం ఉన్నాయి. అక్కడ అనుమానం కలిగితే పిల్లలను జిల్లా స్థాయి తొలి చికిత్సా కేంద్రానికి పంపుతారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి, చిత్తూరు వేర్వేరు జిల్లాలయ్యాయి కాబట్టి, తమ మండలం ఏ కేంద్రానికి చెందుతుందో అంగన్‌వాడీ కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడిగి తెలుసుకోవాలి. తిరుపతి రుయా ఆస్పత్రి చెవి, ముక్కు, గొంతు విభాగం, పిల్లల విభాగం ఈ దారిలో సహజమైన మజిలీలు. చిత్తూరు వైపువారికి గంట ప్రయాణంలో ఉన్న రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పిల్లల ఎదుగుదలకే ప్రత్యేక విభాగం ఉంది. ప్రైవేటు కేంద్రానికి వెళ్లేవారు అక్కడి థెరపిస్టుకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందా అని అడగాలి. 1992 చట్టం ప్రకారం అది తప్పనిసరి, అడగడంలో మర్యాదకు లోటు లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు థెరపిస్టు బిడ్డ చేత మాటలు అనిపించడానికి ప్రయత్నించకుండా బొమ్మలతో ఆడించి చూస్తే నిరాశపడనక్కరలేదు. అవగాహన, చూపు, అనుకరణ, ఆటలో వంతు తీసుకోవడం అక్కడే బయటపడతాయి. వారానికి ఒకటి రెండు గంటల చికిత్స కంటే మిగిలిన గంటల్లో ఇంటివారు చేసేదే ఎక్కువ కాబట్టి, మంచి థెరపిస్టు తల్లికి, నాయనమ్మకు పని నేర్పుతారు: బిడ్డ చూస్తున్నదాని పేరే చెప్పడం, ప్రశ్నల వర్షం కురిపించకపోవడం, బిడ్డ ఒక్క మాట అంటే దానికి మరో మాట చేర్చి తిరిగి అనడం, జవాబు కోసం కొన్ని క్షణాలు ఆగడం. మూడు నాలుగు నెలల తరువాత మళ్లీ కొలిచి, ఎదుగుదల సవ్యంగా ఉంటే చికిత్సను ఆపేస్తారు. సాయం అడిగినందువల్ల బిడ్డ మీద ఏ ముద్రా పడదు. అయితే వినికిడి లోపం ఆలస్యంగా, అయిదారేళ్లకు బయటపడిన పిల్లలకు మాట కోసమే ఏళ్ల తరబడి శ్రమించి భాషే లేకుండా ఉంచడం కంటే సైగల భాషను వెంటనే నేర్పడం అవసరం. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన శిక్షణ కేంద్రం 2015 నుంచి అందుకు కావలసిన నిఘంటువును, పాఠాలను, ఉపాధ్యాయులను తయారుచేస్తున్నది.